అకిలెస్ నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తా ఉందా, పరుగు మానకుండా ఇట్లా చేయండి

అకిలెస్ అంటే పిక్క కండని మడమ ఎముకకి కలిపే తాడు లాంటి భాగం, అట్లాంటిదాన్నే టెండన్ అంటారు. రెస్ట్ తీసుకుంటే ఈ నొప్పి తగ్గుతాది, నిజమే, కానీ రెస్ట్ తో టెండన్ గట్టిపడదు, అందుకే మళ్ళీ మళ్ళీ వస్తాది. మా తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్ కి పొద్దున్నే వచ్చే పిల్లల్లో కానిస్టేబుల్ ఈవెంట్స్ కి, అంటే పరుగు, లాంగ్ జంప్ టెస్టులకి ప్రాక్టీస్ చేసేవాళ్ళని, ఆర్మీకి పోవాలనుకునేవాళ్ళని ఎవర్ని కదిలించినా ఇదే మాట, గుదికాలి పైన పట్టేసిందన్నా, రెండు వారాలు ఆపేస్తే బాగానే ఉండింది, మళ్ళీ 1600 మీటర్లు టైం పెట్టుకుని కొట్టినా, మర్నాడు పొద్దునకి యథాప్రకారం అయిపోయింది అని. రెండు వారాలు ఊరికే కూర్చుంటే పిక్క కండ బలం తగ్గుతాది, టెండన్ ఓర్పు తగ్గుతాది, మనం మాత్రం పాత స్పీడ్ తోనే మొదలుపెడతాం. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ ఈ టెండన్ మీద ఒంటి బరువుకి సుమారు 6 నుంచి 8 రెట్లు పడతాది, ఆ బరువుకి అది తయారుగా లేకుంటే ఎన్ని రోజులు పడుకున్నా లాభం లేదు. కాబట్టి ఈరోజు అది ఎంత మోయగలదో తెలుసుకుని అంతే పెట్టాలి, వారం వారం కొంచెం పెంచుకుంటా పోవాలి, మొత్తం పని ఇంతే, ఓపిక మాత్రం కావాలి.

ముందు నొప్పి ఎక్కడుందో చూసుకోండి. మంచం మీద కూర్చుని కాలు వదులుగా పెట్టి, బొటనవేలు చూపుడువేలు మధ్య ఆ టెండన్ ని రెండు పక్కల నుంచి పట్టుకుని కింద నుంచి పైకి నిదానంగా నొక్కుకుంటా రండి. మడమ ఎముక నుంచి 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన నొప్పి ఉండి, అక్కడ కొంచెం లావుగా, ఉండలాగా తగిలితే అది టెండన్ మధ్య భాగం సమస్య. రెండో కాలు కూడా అట్లే పట్టుకుని చూస్తే తేడా వేళ్ళకే తెలిసిపోతాది. అట్లా కాకుండా టెండన్ ఎముకకి అతుక్కునే చోటే, అంటే షూ వెనక అంచు రాసుకునే చోట నొప్పి ఉంటే అది ఇంకో రకం, దానికి ఎక్సర్సైజ్ కొంచెం వేరే, కింద చెప్తా. పాదం అడుగున మడమ కింద నొప్పి ఉంటే మాత్రం అది ఈ టెండన్ నొప్పి కాదు, దానికి ఇది చదివి ఏదీ చేయొద్దు.

ఇంకో మాట ఇక్కడే చెప్పేయాలి. పరిగెత్తేటప్పుడో దూకేటప్పుడో వెనక నుంచి ఎవరో తన్నినట్టు అయి, టప్ మని శబ్దం వచ్చి, ఆ కాలి మునివేళ్ళ మీద లేవలేకపోతే టెండన్ తెగిందేమో అని అనుమానించాలి. బోర్లా పడుకుని పాదాలు మంచం అంచు బయటికి పెట్టి, వేరేవాళ్ళని పిక్క నొక్కమనండి, బాగున్న కాల్లో పాదం కదులుతాది, తెగిన కాల్లో కదలదు. కదలకపోయినా, డౌట్ గా ఉన్నా అదే రోజు రుయాకో బర్డ్ ఆస్పత్రికో పోవాలి. నడవగలుగుతున్నాను కదా అని ఇంట్లో కూర్చోవద్దు, తెగినా కూడా కొంతమంది నడుస్తారు.

ఇప్పుడు అసలు విషయం, ఏ రోజు పరిగెత్తాలి, ఏ రోజు వద్దు అనేది. నొప్పికి పదికి మార్కులు వేసుకోండి, 0 అంటే ఏమీ లేదు, 10 అంటే ఓర్చుకోలేనంత. స్వీడన్ లో 2007లో వచ్చిన ఒక స్టడీలో పేషెంట్లని రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూప్ ని మొదటి 6 వారాలు పరుగు, దూకడం ఆపించారు, ఇంకో గ్రూప్ ని నొప్పి 5 దాటకుండా చూసుకుని చేసుకోనిచ్చారు, ఇద్దరూ ఎక్సర్సైజ్ మాత్రం చేశారు. పరిగెత్తినవాళ్ళు ఆపినవాళ్ళ కంటే ఏం వెనకబడలేదు. కానీ మన పిల్లలు 5 అంటే 7 దాకా పోతారు కాబట్టి పరిగెత్తేటప్పుడు 3 దగ్గరే గీత గీసుకోమని నేను చెప్తా. దీనికంటే ముఖ్యం మర్నాటి పొద్దున. టెండన్ అప్పటికప్పుడు చెప్పదు, వార్మప్ అయినాక నొప్పి పోయినట్టే ఉంటాది, వేడి మీద ఎంతైనా పరిగెత్తనిస్తాది, బిల్లు మాత్రం మర్నాడు ఇస్తాది. పడక దిగి వేసే మొదటి పది అడుగులకి ఎంత నొప్పి ఉందో ఫోన్ లో రాసి పెట్టుకోండి. రోజూ ఉండేంతే ఉంటే నిన్న చేసింది సరిపోయింది, ఎక్కువైతే నిన్నటిది ఎక్కువైంది అని అర్థం, ఈరోజు పరుగు మాని సైకిల్ తొక్కండి, ఎల్లుండి స్పీడ్ తగ్గించి చేయండి. వారం మొత్తం మీద కూడా పొద్దునపూట మార్కులు పైకి పోకూడదు.

తగ్గించాల్సి వస్తే ముందు స్పీడ్ తగ్గించండి, దూరం తర్వాత. 100 మీటర్లు, లాంగ్ జంప్ టేకాఫ్, ఎత్తు ఎక్కే పరుగు, ఇవే టెండన్ ని ఎక్కువ లాగుతాయి, సమంగా ఉన్న మట్టి ట్రాక్ మీద నిదానంగా జాగింగ్ చాలా తక్కువ లాగుతాది. అందుకే ఈవెంట్స్ వాళ్ళు మొదటి కొన్ని వారాలు జంప్ పక్కన పెట్టేసి, జాగింగ్ రోజు విడిచి రోజు ఉంచుకుని, మధ్య రోజుల్లో సైకిల్ తో దమ్ము కాపాడుకోవచ్చు. ఈ రోజు విడిచి రోజు అనేదానికి కారణం ఉంది, గట్టిగా బరువు పడినాక మొదటి ఒకటి ఒకటిన్నర రోజు టెండన్ లోపల కొల్లాజెన్ (టెండన్ కి గట్టిదనం ఇచ్చే ప్రోటీన్) తయారయ్యేదాని కంటే చెడిపోయేది ఎక్కువ, ఆ తర్వాతే కట్టుకునే పని పైచేయి అవుతాది.

మన తిరుపతోళ్ళకి ప్రత్యేకంగా మెట్ల గురించి చెప్పాలి. అలిపిరి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు 2388, స్టామినా కోసమని వారం వారం ఎక్కేవాళ్ళు చానామంది ఉన్నారు, మంచిదే, కానీ నొప్పి ఉన్నప్పుడు ట్రైనింగ్ కోసం మెట్లు వద్దు. మునివేళ్ళ మీద మాత్రమే మెట్టు ఎక్కితే మడమ గాల్లో కిందికి దిగుతాది, టెండన్ సాగి సాగి లాగబడతాది, పైగా ఉత్త కాళ్ళతో ఎక్కుతాం కాబట్టి షూ మడమ ఇచ్చే సాయం కూడా ఉండదు. మొక్కు ఉండి పోవాల్సిందే అయితే పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, తొందరపడకుండా, మోకాళ్ళ పర్వతం దగ్గర ఇంకా నిదానంగా ఎక్కండి, దిగేటప్పుడు బస్సులో రండి, తర్వాత రెండు రోజులు పరుగు పెట్టుకోవద్దు.

ఇక ఎక్సర్సైజ్. నొప్పి బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో రెండు కాళ్ళ మునివేళ్ళ మీద లేచి 45 సెకండ్లు కదలకుండా నిలబడండి, 5 సార్లు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు గ్యాప్, చానామందికి దీనితోనే కొంచెం ఉపశమనం వస్తాది. అది కుదిరినాక గోడ పట్టుకుని ఒక్క కాలి మీద పైకి లేవడానికి 3 సెకండ్లు, దిగడానికి 3 సెకండ్లు, నోటితో లెక్కపెట్టుకోండి, లేకుంటే అందరూ దబదబా చేసేస్తారు. మధ్య భాగం నొప్పి ఉన్నవాళ్ళు మెట్టు అంచు మీద నిలబడి మడమ కిందికి దించి చేయొచ్చు. ఎముక దగ్గర నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం నేల మీదే చేయాలి, మడమ కిందికి దించితే టెండన్ ఎముకకి ఒత్తుకుని నొప్పి ఎక్కువవుతాది, వాళ్ళకి పిక్క సాగదీసే స్ట్రెచింగ్ కూడా వద్దు.

15 సార్లు చొప్పున 3 సెట్లు ఈజీగా వస్తే బరువు పెట్టే టైం వచ్చింది. జిమ్ లేకపోయినా పర్లేదు, కాలేజీ బ్యాగులో 5 కిలోల బియ్యం ప్యాకెట్లు ఒకటి, తర్వాత రెండు పెట్టి భుజాన తగిలించుకోండి, బరువు పెరిగేకొద్దీ 15 నుంచి 8కి, 6కి తగ్గించుకుని 4 సెట్లు చేయండి. మోకాలు నిటారుగా పెట్టి ఒకటి, కుర్చీలో కూర్చుని తొడ మీద బరువు పెట్టుకుని ఇంకొకటి, రెండూ చేయాలి, ఎందుకంటే పిక్కలో లోపలుండే సోలియస్ కండ మోకాలు మడిచినప్పుడే బాగా పనిచేస్తాది, పరుగులో ఎక్కువ మోసేది అదే, జనాలు వదిలేసేదీ అదే. 1998లో స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్సన్ చెప్పిన పద్ధతిలో రోజుకి రెండు పూటలా కలిపి 180 సార్లు మడమ దించాలి, 12 వారాలు. 2015లో డెన్మార్క్ వాళ్ళు వారానికి 3 రోజులే బరువుతో నిదానంగా చేయించినా ఫలితం దానికి సమానంగానే వచ్చింది. ట్రైనింగ్ కూడా చేసుకునేవాళ్ళకి నా ఓటు ఈ రెండోదానికే. ఏదైనా 12 వారాలు మాత్రం తప్పదు, మూడో వారంలో ఏం తేడా లేదని మానేస్తే ఇంతవరకు పడిన కష్టం దండగ.

షూ విషయానికి వస్తే, పల్చటి క్యాన్వాస్ షూతో సిమెంట్ రోడ్డు మీద పరిగెత్తడం మానండి. మడమ కొంచెం ఎత్తుగా ఉండే షూ తీసుకోండి, కొనలేకపోతే మెడికల్ షాపులో దొరికే హీల్ ప్యాడ్, లేదా చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఒక సెంటీమీటర్ మందం తోలు ముక్క కోయించి రెండు షూలలోనూ వేసుకోండి. నరం పట్టేసిందని టెండన్ మీద నూనె వేసి గట్టిగా తోమించుకోవద్దు, పిక్క కండ మీద అయితే ఇబ్బంది లేదు.

మందుల్లో మూడు గుర్తుంచుకోండి. పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు, మార్కుల లెక్క మొత్తం తప్పిపోతాది. టెండన్ లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే ఒప్పుకోవద్దు, తెగే రిస్క్ ఉంది. మూడోది చానామందికి తెలియదు, జ్వరానికో యూరిన్ ఇన్ఫెక్షన్ కో ఇచ్చే సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్, ఒఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్ ని దెబ్బతీయగలవు, అమెరికాలో 2008 నుంచి వీటి మీద గట్టి హెచ్చరిక కూడా ఉంది. షాపులో అడిగి మీరే వేసుకోవద్దు, డాక్టర్ రాస్తా ఉంటే నాకు అకిలెస్ నొప్పి ఉంది, పరిగెత్తుతా అని నోరు తెరిచి చెప్పండి, వేరే మందు కుదురుతాదేమో ఆయన చూస్తారు. అట్లాగే రెండు కాళ్ళకీ నొప్పి ఉండి, పొద్దున బిగుతు అరగంట దాటినా వదలకుండా, నడుము కూడా పట్టేస్తా ఉంటే అది కీళ్ళ వాతం కావచ్చు, దానికి రక్త పరీక్షలు కావాలి. షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నా టెండన్ తొందరగా కోలుకోదు, అవి కూడా చూపించుకోండి.

ఒక్క కాలి మీద 25 సార్లు నొప్పి 2 దాటకుండా లేవగలిగితే స్కిప్పింగ్ మొదలుపెట్టండి, మొదట రెండు కాళ్ళతో, వారం తర్వాత ఒక్క కాలితో. అది మర్నాడు పొద్దునకి ఏం చేయకపోతే అప్పుడు స్పీడ్, చివర్న లాంగ్ జంప్. నొప్పి పూర్తిగా పోయినాక కూడా బరువు ఎక్సర్సైజ్ వారానికి రెండు రోజులు ఉంచుకోండి, ఈవెంట్స్ డేట్ వచ్చినాక ఆఖరి వారం మాత్రం బియ్యం ప్యాకెట్లు తీసేసి బరువు లేకుండానే చేయండి.