మళ్లీ అండమాన్ పోతున్నారా? ముందు తిథి చూడండి

తిరుపతి, చిత్తూరు నుంచి అండమాన్‌కు రెండోసారి, మూడోసారి పోయేవాళ్లు చెన్నై విమానం టికెట్ ధర చూసి తేదీ ఖాయం చేసుకుంటారు. దానికంటే ముందు గోడమీది టీటీడీ క్యాలెండర్‌లో తిథి చూడండి. పోయినసారి నడుములోతు నీళ్లున్న చోటే ఈసారి రాళ్లు తేలి కనిపించాయంటే కారణం అదే.

పౌర్ణమికి, అమావాస్యకి సూర్యచంద్రుల లాగుడు ఒకే వరసలో పడుతుంది. ఆ రోజు నుంచి రెండు రోజుల దాకా పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. నీల్ దీవిలో (2018 నుంచి షహీద్ ద్వీప్) రాతి వంతెన దగ్గరికి నడిచి పోవాలంటే ఈ రోజులే మేలు, అదీ ఆటు వేళకే. పాచి రాళ్ల మీద హవాయి చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. ఈత, స్నార్కెలింగ్ కోసమైతే అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు చూసుకోండి. నీటిమట్టం అంతగా మారదు.

ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మొదటి రోజు పదింటికి ఉన్న ఆటు నాలుగో రోజుకు పన్నెండున్నర అవుతుంది. కాబట్టి పాత ప్లాన్‌లోని టైములు అలాగే దించుకోవద్దు.

స్కూబా చివరి రోజుకు పెట్టకండి. డైవ్‌కి, విమానానికి మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, లేకపోతే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ పైకెళ్లాక బుడగలు కడుతుంది. పగడపు ముక్క ఒక్కటి కూడా బ్యాగులో వేసుకోవద్దు, అది వన్యప్రాణి చట్టం కింద నేరం.