లాస్ట్ బట్ నాట్ లీస్ట్: ఎవరికి అనాలి, ఎలా అనాలి

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. అనంతపురం, మదనపల్లె నుంచి వచ్చి పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలే ఎక్కువ. మైకు పట్టుకుని నలుగురికీ థ్యాంక్స్ చెప్పమంటే అందరి నోటా ఒకటే మాట: 'లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్'. ముందు ఆ 'ద' తీసేయండి. 'లాస్ట్ బట్ నాట్ లీస్ట్' అన్నదే స్థిరపడిన రూపం.

లాస్ట్ వరసకు, లీస్ట్ విలువకు. చివర చెబుతున్నాను గానీ తక్కువని కాదు అని భావం. విస్తట్లో పెరుగు ఆఖర్నే వస్తుంది. అది పడకపోతే భోంచేసినట్టే ఉండదు కదా!

షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకంలో, సీజర్ హత్య కుట్రలో ఉన్న ఏడుగురి చేతులూ సీజర్ స్నేహితుడు ఆంటోనీ పేరుపేరునా పట్టుకుంటాడు. ఆఖరివాడు ట్రెబోనియస్. చివరివాడివైనా ప్రేమలో తక్కువవాడివి కాదు అంటాడు అతనితో. కడుపులో పగ ఉంది, అది వేరే సంగతి. చివర నిలబడ్డవాడు చిన్నబుచ్చుకోకూడదనే ఆ మాట.

అందుకే పేర్లన్నీ ముందు కాగితం మీద రాసుకోండి. ఎవరిని మరిచిపోయే ప్రమాదముందో వాళ్లను ఆఖర్న పెట్టండి. ముఖ్య అతిథికి ఈ మాట అక్కర్లేదు, ఆయన్ను ఎవరూ మరిచిపోరు.

మా అపార్ట్‌మెంట్ ఉగాదికి నా విద్యార్థిని ఒకమ్మాయి వందన సమర్పణ చేసింది. కన్నడంవాళ్లూ తమిళులూ ఉంటారని ఇంగ్లీషులోనే. సెక్రటరీ, చందాలిచ్చినవాళ్లు, పిల్లలకు డాన్సు నేర్పిన టీచరు అయ్యాక ఒక్క క్షణం ఆగింది. "లాస్ట్ బట్ నాట్ లీస్ట్" అని, పచ్చడి కోసం హిందూపురం నుంచి వేపపువ్వు మూట కట్టించి తెప్పించిన రెండో అంతస్తు మామ్మగారి పేరు చెప్పింది. వెనక వరస కుర్చీలో ఆవిడ కొంగుతో కళ్లొత్తుకున్నారు. చూశారా, మాట వెంటనే పేరు, ఆ వెంటనే వాళ్లు చేసిన పని. ఆ రెండూ రాకపోతే ఈ మాట ఉత్త ఊతపదం.

ఒకే ప్రసంగంలో రెండుసార్లు అనకండి, ఆఖరు ఒక్కటే ఉంటుంది. ఉన్నదే ఇద్దరైతే అసలు వద్దు. లాస్ట్, లీస్ట్ రెంటినీ ఒత్తి పలకండి, 'బట్' తేలిగ్గా పోనివ్వండి. రెండు 'ల'ల అనుప్రాస అప్పుడే చెవికి తగులుతుంది. ఆఫీసు మెయిల్లో పనుల వరస రాసేటప్పుడు మాత్రం 'ఫైనల్లీ' చాలు. అక్కడ నొచ్చుకునే మనిషెవరూ లేరు.