వీధిలో డెంగ్యూ వస్తే ముందు కబురు, తర్వాతే పొగ

వీధిలో ఒకరికి డెంగ్యూ అని తెలియగానే నాకు ఫోన్ వస్తుంది: "బాబాయ్, పొగ మిషన్ పంపించమని చెప్పవా?" గుంటూరు జిల్లాలో హెల్త్ అసిస్టెంట్‌గా 30 ఏళ్లు ఇంటింటికీ తిరిగినవాణ్ని. ఎగిరే దోమలే పొగకు చస్తాయి, నీళ్లలో ఉన్న దోమ పిల్లలకు ఏమీ కాదు. అందుకని ముందు కబురు పంపండి.

ఆశా కార్యకర్తకో ఏఎన్ఎం గారికో ఆ రోజే చెప్పండి. రోగి పేరు, ఇల్లు, ఈమధ్య ఏ ఊరు వెళ్లొచ్చారు, జ్వరం ఏ రోజు మొదలైంది. ఈ తేదీ దగ్గర తడబడొద్దు. మొదటి 5 రోజుల్లో ఎన్ఎస్1 అనే రక్త పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం అనేది, ఏది చేయాలో తేదీని బట్టే ఉంటుంది. ప్రైవేటు క్లినిక్‌లో కార్డు టెస్టు పాజిటివ్ వచ్చినా సరే, చెప్పండి. దాన్ని ఎలైజా అనే ల్యాబ్ పరీక్షతో ఖాయం చేయాల్సి ఉంటుంది. కబురు పీహెచ్‌సీ నుంచి జిల్లా మలేరియా ఆఫీసుకు వెళ్తుంది. పేరుకు మలేరియా ఆఫీసే గానీ డెంగ్యూ, చికున్‌గున్యా, బోదకాలు కూడా వాళ్ల పనే.

తర్వాత సిబ్బంది ఆ ఇంట్లోనూ చుట్టుపక్కల ఇళ్లలోనూ దోమ పిల్లల కోసం వెతుకుతారు. ఈ దోమ సాధారణంగా 400 మీటర్లు దాటి పోదు, పుట్టిల్లు దగ్గర్లోనే ఉంటుంది. వాళ్లను వరండాలోంచే పంపేయకండి, పెరట్లోకి తీసుకెళ్లండి.

ఒకసారి మాకు పది రోజులు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే అదే సందులో మరో ముగ్గురు మంచమెక్కారు. తొట్లన్నీ చూశాం, ఏమీ లేదు. చివరికి ఒక పెద్దావిడ పెరట్లో, మిక్సీ వచ్చాక మూలన పడేసిన రుబ్బురోలు కనబడింది. "వాననీళ్లే నాయనా, ఏముంటుంది అందులో?" అందావిడ. టార్చి వేశాను. నా నీడ పడగానే అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. కదలకుండా నిలబడితే ఒక్కొక్కటీ పైకొచ్చి, తల కిందికి పెట్టి వేలాడాయి. డెంగ్యూ దోమ పిల్లలు. ఆ ముగ్గురి జ్వరం ఇప్పటికీ నాకు బాధే. ముందే తెలిస్తే ఆ రోలు దగ్గరికి ముందే వెళ్లేవాళ్లం.

మీరూ అలాగే టార్చితో చూడండి: ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్, పాత టైరు, కొబ్బరి చిప్ప. నీళ్లు కాలవలో కాదు, ఎండ తగిలే మట్టి మీద పారబోయండి. తొట్టి గోడను పీచుతో గట్టిగా రుద్దండి. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని వారానికోసారి చేయమనేది అందుకే. ఖాళీ చేయలేని పెద్ద తొట్లలో దోమ పిల్లల్ని చంపే అబేట్ మందు కొలత ప్రకారం వేస్తారు, వద్దనకండి.

జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకండి. రోగిని పగటిపూట కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. ఈ దోమ కుట్టేది పగలే. ఆ మనిషిని కుట్టిన దోమే కొన్నాళ్లకు పక్కింటి పిల్లాడికి జ్వరం తెస్తుంది.