కుక్కర్‌లో నిమ్మ కేకు, గుడ్లు లేకుండా

నెల్లూరు జిల్లా పొదలకూరు నిమ్మకాయలు రెండింటి పసుపు తొక్కను మాత్రమే తురమండి. తెల్లపొర కలిస్తే చేదే.

కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగించి, అరకప్పు నూనె, తురుము, చెంచా నిమ్మరసం కలపండి. ఒకటిన్నర కప్పుల మైదా, టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంటసోడా జల్లించి వేయండి. పొడిపిండి కనపడకపోతే చాలు, ఇంకా కలిపితే కేకు సాగుతుంది. పులుపు తగలగానే సోడా పొంగుతుంది, అందుకే కుక్కర్ ముందే సిద్ధంగా ఉండాలి: రబ్బరు, విజిల్ తీసి, నీళ్లు పోయకుండా, అడుగున స్టాండు పెట్టి 10 నిమిషాలు వేడిచేయండి. నూనె రాసిన గిన్నెలో పిండి పోసి, సన్నసెగ మీద 40 నిమిషాలు. అరగంటలోపు మూత తీస్తే నడుమ కుంగుతుంది.

నెల్లూరు ఎండలకు వెన్న క్రీము నిలవదు. పూర్తిగా చల్లారాక, అరకప్పు పంచదార పొడిలో రెండు టీస్పూన్ల నిమ్మరసం కలిపి పైన పోయండి.