ఇంట్లోనే కంప్యూటర్ రిపేరు - 4వ పాఠం: ఫ్యాన్ మోత

పోయిన పాఠంలో క్యాబినెట్ పక్క రేకు ఊడదీయడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఫ్యాన్ల పని పడదాం. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు మీద షాపు ఉన్నవాళ్లు ఈ పాఠం తప్పకుండా చదవాలి. ఆ సన్నపొడి రెక్కల అంచున పేరుకుంటే బ్యాలెన్స్ తప్పి ఫ్యాన్ వణుకుతుంది, బేరింగ్‌లోకి దిగితే దాన్ని అరగదీస్తుంది.

నూనె డబ్బా తీయకముందే చెవి పెట్టి వినండి. టకటకమంటే ఏదో వైరు రెక్కలకు తగులుతున్నట్టు. ఒట్టి గాలి హోరే అయితే ఫ్యాన్ తప్పేం లేదు, హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు రేకుల దిమ్మ) సందుల్లో దుమ్ము నిండి వేడి దిగక అది వేగం పెంచుకుంటోంది. ఆన్ చేయగానే గరగరమని, కాసేపటికి తగ్గితే బేరింగ్‌లో నూనె ఎండినట్టే.

శుభ్రం చేసేముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. పొడి బ్రష్‌తో దులిపి, తర్వాత బ్లోయర్ పెట్టండి. అప్పుడు రెక్కను వేలితో కదలకుండా ఆపాలి. చాలామంది ఇది పట్టించుకోరు. గాలికి ఫ్యాన్ గిర్రున తిరిగితే బాగున్న బేరింగ్ కూడా పాడవుతుంది.

గరగర పోకపోతే ఫ్యాన్ ఊడదీసి మధ్యలోని స్టిక్కర్‌ను సగం వరకు లేపండి. కింద చిన్న రబ్బరు బిరడా ఉంటుంది. అది తీస్తే ఇరుసు కొన కనిపిస్తుంది. అక్కడ కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, మహా అయితే రెండు. రెక్కలు వేలితో నాలుగు చుట్లు తిప్పి, పైకొచ్చిన నూనెను గుడ్డతో ఒత్తి తుడిచి బిరడా పెట్టేయండి. జిడ్డు మిగిలితే స్టిక్కర్ అంటుకోదు. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికి గడ్డకడుతుంది. బిరడా లేకుండా పూర్తిగా మూసేసిన ఫ్యాన్ అయితే దాన్ని తవ్వకండి.

మధ్య భాగం పట్టుకుని పక్కకు కదిపితే బాగా ఊగుతోందా? ఇక నూనెతో లాభం లేదు, కొత్తది కొనండి. ఫ్రేమ్ ఒక వైపు కొలిస్తే సైజు తెలుస్తుంది: 80, 92, 120 మిల్లీమీటర్లు ఎక్కువగా వాడేవి. ఫ్యాన్ వైరు చివర కనెక్టర్‌లో పిన్నులు 3 ఉన్నాయో 4 ఉన్నాయో కూడా చూసుకెళ్లండి. బిగించేటప్పుడు స్టిక్కర్ ఉన్న వైపుకే గాలి వెళ్తుందని గుర్తుంచుకోండి.

మోత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) లోంచి వస్తుంటే దాన్ని విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. మెకానిక్‌కి ఇవ్వండి.

వచ్చే పాఠం: హీట్‌సింక్ తీయడం, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి హీట్‌సింక్‌కు బాగా చేరడానికి మధ్యలో రాసే ముద్ద) రాయడం.