మూడు నెలలు ఆగిన బండి మళ్లీ ఎలా స్టార్టయిందంటే

ఈ వానాకాలం మూడు నెలలు వైజాగ్‌లో లేను. పెదవాల్తేరులో మా సెల్లార్‌లో వదిలేసిన 2016 నాటి కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న బండి తిరిగొచ్చాక ఓ పట్టాన స్టార్ట్ కాలేదు. చోక్ లాగితే రెండు సెకన్లు దగ్గి ఆగిపోయేది. చోక్ వదిలితే అదీ లేదు.

బ్యాటరీ ఛార్జింగ్, కొత్త ప్లగ్, పాండురంగపురం డౌన్‌లో గేరేసి వదలడం, ఏదీ పని చేయలేదు.

చివరికి ఆదివారం నేనే కూర్చున్నాను. ముందు పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ కింది గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులో పట్టాను. అడుగున నీళ్లు బుడగలా వేరుగా కదులుతున్నాయి! ఇథనాల్ కలిపిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది, మనదా సముద్రపు గాలి.

తర్వాత గిన్నె విప్పి పైలట్ జెట్ తీశాను. స్టార్టింగ్‌లో, ఐడ్లింగ్‌లో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమున్న చిన్న ముక్క అది. వెలుతురుకెదురుగా పెట్టి చూస్తే రంధ్రమే కనబడలేదు, పచ్చటి జిగురు. కార్బ్ క్లీనర్ కొట్టి పావుగంట నానబెట్టి, కరెంటు తీగలోంచి లాగిన ఒక్క సన్నటి రాగి పోగుతో పొడిచాను. సూది మాత్రం వద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. సూదిమొనంత వెలుగు చుక్క కనబడ్డాకే బిగించాను. ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం తీసేసి కొత్తది రెండు లీటర్లు పోశాను. నాలుగో కిక్‌కి అందుకుంది.

కొత్త ప్లగ్ కూడా కొంత సాయం చేసిందేమో చెప్పలేను. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు ఈ జెట్ ఉండదు. చోక్‌తో కూడా అసలు దగ్గనే దగ్గకపోతే ముందు స్పార్క్ చూసుకోండి.