తక్కువ ఖర్చులో మంచి సుషీ రెస్టారెంట్‌ను ఎలా కనిపెట్టాలి?

వెనిగర్ కలిపిన అన్నంతో, ఎక్కువగా పచ్చి చేపతో చేసే జపాన్ వంటకం సుషీ అంటే ఖరీదైన విందు అని చాలామంది అనుకుంటారు. పుట్టినప్పుడు అది అలాంటిది కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో జపాన్‌లోని ‘ఎదో’ అనే నగరంలో, అంటే నేటి టోక్యోలో, జనం వీధి బండ్ల దగ్గర నిలబడి చేత్తో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిన నిగిరి సుషీ తిని తమ పనికి వెళ్లిపోయేవారు. 1958లో యోషిఆకి షిరైషి అనే వ్యాపారి ఒసాకా ప్రాంతంలో ప్లేట్లు బెల్టు మీద తిరుగుతూ వచ్చే రెస్టారెంట్ తెరిచారు. బీరు కర్మాగారంలో సీసాలు కదిలే బెల్టును చూసినప్పుడు ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. వడ్డించే మనుషుల అవసరం తగ్గడంతో ధర కూడా తగ్గింది.

అందువల్ల సుషీ చౌకగా ఉందనగానే భయపడనక్కర్లేదు. ఆ ధరకు వాళ్లు ఎలా ఇవ్వగలుగుతున్నారో అర్థమైతే చాలు. కారణం కంటికి కనిపిస్తే నమ్మి తినవచ్చు, కనిపించకపోతే ఇంకో చోటు చూసుకోవడం మేలు. కింది దశలన్నీ ఆ కారణాన్ని పట్టుకోవడానికే.

1. ఎలాంటి చోటు కావాలో తేల్చుకోండి

ఒక్కొక్కరికి ఎంతవరకు ఖర్చు పెట్టగలరో ముందే అనుకోండి. షెఫ్ తాను ఎంచినవి ఒక్కొక్కటిగా ఎదురుగా చేసి పెట్టే ఒమకాసే పద్ధతి తక్కువ బడ్జెట్‌కు కుదరదు. అక్కడ చేపతో పాటు ఆయన సమయానికి కూడా డబ్బు కడతాం.

బెల్టు రెస్టారెంట్లలో సాధారణంగా ప్లేటు రంగును బట్టి ధర ఉంటుంది కాబట్టి బిల్లు ఎంతవుతుందో తింటూనే లెక్క వేసుకోవచ్చు. ఎంతసేపటి నుంచి తిరుగుతోందో తెలియని ప్లేటు జోలికి పోకుండా, కావలసినది అడిగి అప్పటికప్పుడు చేయించుకోండి. కూర్చునే చోటు లేకుండా డబ్బాలో పెట్టి ఇచ్చే చిన్న కౌంటర్లు, చేపల దుకాణాలవారే సుషీ కూడా చేసి అమ్మే చోట్లు నాకు అన్నిటికంటే ఇష్టం. ఒకచోట బల్లలకూ కుర్చీలకూ అద్దె ఉండదు, ఇంకోచోట చేప మధ్యవర్తి లేకుండా వస్తుంది. ధర ఎందుకు తగ్గిందో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఒకే ధరకు ఎంతైనా తినవచ్చనే చోట్లను నేను సిఫారసు చేయను. అలాంటి చాలా చోట్ల కడుపు త్వరగా నిండేలా అన్నం ముద్ద పెద్దదిగా, చేప ముక్క పల్చగా ఉంటుంది. మిగిల్చిన దానికి అదనంగా వసూలు చేసేవారూ ఉన్నారు.

2. పేర్ల జాబితా తయారు చేసుకోండి

ఫోనులో మ్యాప్ తెరిచి సుషీ అని వెతికితే వచ్చే మొదటి పేర్లతో ఆగిపోకండి. ఆఫీసులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల వెనక వీధులు, విశ్వవిద్యాలయాల పరిసరాలు, చేపల టోకు మార్కెట్ చుట్టుపక్కల చూడండి. రోజూ మధ్యాహ్నం వచ్చే జనమే ఆధారంగా బతికే చోట ధర పెంచడం తేలిక కాదు, నాణ్యత తగ్గితే ఆ జనం మళ్లీ రారు.

నక్షత్రాల సగటు కంటే ఇటీవలి అభిప్రాయాలు ఎక్కువ చెబుతాయి. షెఫ్ మారితే రెస్టారెంటే మారిపోతుంది కాబట్టి రెండేళ్ల కిందటి పొగడ్త ఇప్పుడు పనికిరాదు. అన్నం గురించి ఎవరైనా రాశారా అని ప్రత్యేకంగా వెతకండి. అలా రాసినవారికి సుషీ తెలుసని అర్థం. రెస్టారెంట్ పెట్టిన ఫోటోలు వదిలేసి, తిన్నవారు తీసినవి చూడండి. చేప ముక్క అంచులు ఎండిపోయి ఉన్నా, నోరి అనే సముద్రపు నాచు ఆకులో అన్నం చుట్టి కోసే ప్రతి రోల్ మీదా సాస్ చారలు కమ్మేసి ఉన్నా ఆ పేరు కొట్టేయవచ్చు. మీ నగరంలో పరిశుభ్రత తనిఖీల ఫలితాలను ప్రజలకు అందుబాటులో ఉంచితే అవి కూడా చూడండి. పచ్చి చేప విషయంలో ఆ ఐదు నిమిషాలు తప్పకుండా పెట్టాలి.

3. మెనూను లెక్కలతో చదవండి

కొన్నిచోట్ల నిగిరి ధర ఒక ముక్కకు ఉంటుంది, కొన్నిచోట్ల జతకు. రోల్ అంటే ఒకరు ఆరు ముక్కలు ఇస్తారు, మరొకరు ఎనిమిది. అందుకే మూడు వంటకాలు ఎంచుకుని అన్నిచోట్లా వాటినే పోల్చండి: సాల్మన్ నిగిరి, ట్యూనా నిగిరి, కీరా దోసకాయ రోల్. ముక్కకు ఎంత పడుతుందో లెక్కిస్తే అసలు తేడా బయటపడుతుంది. పన్ను, సర్వీసు చార్జీ కలిపారో లేదో కూడా చూడండి.

మెనూ చిన్నదిగా ఉంటే మంచి సూచన. నాలుగు దేశాల వంటలతో పాటు నలభై రకాల చేపలు కూడా ఉన్నాయంటే, వాటిలో కొన్ని ఎవరూ అడగక రోజుల తరబడి ఫ్రిజ్‌లోనే ఉంటాయి.

ఏ చేప సహజంగా చౌకో తెలిస్తే ధరను అంచనా వేయడం సులువు. మాకరెల్, సార్డీన్, స్క్విడ్, గుడ్డు అట్టుతో చేసే తమాగో మామూలుగా తక్కువ ధరకే వస్తాయి. ట్యూనా పొట్ట భాగంలోని కొవ్వు మాంసం, సముద్రపు అర్చిన్ అనే ముళ్ల జీవి మాత్రం ఎక్కడైనా ఖరీదే. ఇవి కూడా సాల్మన్ ధరకే దొరుకుతుంటే అనుమానించాలి.

ఒక చేప పేరుతో ఇంకో చేపను అమ్మడం నిజంగా జరుగుతోంది. సముద్రాల రక్షణకు పనిచేసే ఓషియానా అనే సంస్థ 2013లో అమెరికాలో చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. సుషీ రెస్టారెంట్లలో సేకరించిన నమూనాల్లో 74 శాతానికి పెట్టిన పేరు సరైనది కాదని అందులో తేలింది. వైట్ ట్యూనాగా అమ్మినవాటిలో ఎక్కువ భాగం ఎస్కోలార్ అనే వేరే చేప. దానిలోని మైనపు లాంటి కొవ్వు మనకు జీర్ణం కాదు, కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. జపాన్‌లో దాని అమ్మకమే నిషిద్ధం. కాబట్టి మెనూలో వైట్ ట్యూనా అని ఉంటే అది ఏ చేపో అడగండి. క్రాబ్ స్టిక్ సంగతి వేరు. అది తెల్ల చేప మాంసాన్ని రుబ్బి చేసినదని అందరికీ తెలిసిందే, చౌక రోల్‌లో ఉంటే తప్పేమీ లేదు. దాన్నే అసలు పీత పేరుతో, పీత ధరకు అమ్మితేనే మోసం.

4. లోపలికి వెళ్లాక గమనించండి

చేపల నీచు వాసన ముక్కుకు కొడితే వెనక్కి వచ్చేయండి. శుభ్రమైన చోట వెనిగర్ వాసన, లేదంటే సముద్రపు గాలి లాంటి తేలిక వాసన తప్ప ఏమీ ఉండదు. అద్దాల పెట్టెలోని ముక్కలు తడిగా మెరుస్తుండాలి, అడుగున నీరు చేరకూడదు. ట్యూనా రంగు కూడా చూడండి. బొమ్మల దుకాణంలోని ప్లాస్టిక్ లాగా గులాబీ ఛాయతో వెలిగిపోతుంటే, రంగు నిలిచేలా కార్బన్ మోనాక్సైడ్ పట్టించి ఉండవచ్చు. ఆ రంగు చేప పాతబడినా త్వరగా పోదు.

ఫ్రీజ్ చేసిన చేప అని చెబితే ముఖం ముడుచుకోవద్దు. అనిసాకిస్ వంటి పరాన్నజీవులను చంపడానికి ఫ్రీజింగ్ నమ్మదగిన మార్గం. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు ఉంచడం అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే పద్ధతుల్లో ఒకటి. అయితే గడ్డకట్టిస్తే బాక్టీరియా అంతా చావదు. అందుకే కరిగించిన తర్వాత చేపను చల్లగా ఉంచుతున్నారా, శుభ్రంగా కోస్తున్నారా అన్నది అంతే ముఖ్యం. సుషీ గ్రేడ్ అనే ముద్రకు అమెరికాలో చట్టపరమైన నిర్వచనమే లేదు. ఆ మాట చూసి ఎక్కువ ధర కట్టే బదులు, చేప ఏయే రోజుల్లో వస్తుందని అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పే చోటును నమ్మవచ్చు.

5. మొదటిసారి కొంచెమే తెప్పించుకోండి, అన్నం రుచి చూడండి

సుషీకి ప్రాణం అన్నమే. మంచి చేపను డబ్బు పెట్టి ఎవరైనా కొనవచ్చు, మంచి అన్నం మాత్రం చేయి తిరిగితేనే కుదురుతుంది. పొట్టి గింజ బియ్యాన్ని వండి, వేడి మీదనే బియ్యపు వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపి, గింజ చిదగకుండా తిప్పుతూ ఆరబెట్టాలి. నోట్లో పెట్టుకునేటప్పుడు అది ఇంచుమించు మన ఒంటి వేడితో ఉండాలి. వేళ్లతో పట్టుకుంటే ముద్ద విడిపోకూడదు, నాలుక మీద పెట్టగానే గింజగింజగా విడిపోవాలి. పులుపు మొదట తెలియాలి, తీపి వెనకే రావాలి. అన్నం చల్లగా, గట్టిగా తగిలితే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టారని అర్థం. చల్లదనానికి అన్నంలోని పిండి పదార్థం బిగుసుకుపోతుంది. మెత్తగా జావలా ఉంటే నీరు ఎక్కువైంది. ఈ రెండు లోపాల్లో ఏది కనిపించినా, చేప ఎంత బాగున్నా, నేను ఆ చోటికి మళ్లీ వెళ్లను.

అందుకే తొలిసారి మూడే తెప్పించండి: తమాగో, ఏదో ఒక చేప నిగిరి, ఒక సన్నని రోల్. తమాగోను అక్కడే చేస్తే షెఫ్ శ్రద్ధ అందులో తెలుస్తుంది. బయట నుంచి తెచ్చినదైతే అంచులన్నీ అచ్చుపోసినట్టు ఒకేలా ఉంటాయి. రోల్‌కు చుట్టిన నోరి ఆకు కొరకగానే తెగాలి, రబ్బరులా సాగకూడదు. వసాబి అనే ఘాటైన ఆకుపచ్చ ముద్ద విషయంలో పట్టుదల వద్దు. అసలు మొక్క వేరు కాండం చాలా ఖరీదు, చౌక రెస్టారెంట్లలో దొరికేది ఎక్కువగా హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరు, ఆవపిండి, ఆకుపచ్చ రంగు కలిపిన ముద్దే.

6. బిల్లు తగ్గించుకోండి

నచ్చిన చోటు దొరికాక మధ్యాహ్నమే వెళ్లండి. చాలా రెస్టారెంట్లు రాత్రి వాడే చేపనే మధ్యాహ్నం సెట్ భోజనంలో తక్కువ ధరకు పెడతాయి. మెనూలో చిరాషి ఉంటే అదే అడగండి. గిన్నెలో సుషీ అన్నం వేసి, పైన రకరకాల చేప ముక్కలు పరిచి ఇస్తారు. ఒక్కో ముద్దను చేత్తో చేసే పని లేకపోవడం వల్ల అదే డబ్బుకు చేప ఎక్కువ వస్తుంది. మయోనీస్, వేపుళ్లు దట్టించిన పెద్ద రోల్స్ కంటే సాదా నిగిరి తరచూ చౌక. ఇంటికి తీసుకెళితే వెంటనే తినండి, రేపటికి దాచవద్దు.

గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు పచ్చి చేప జోలికి వెళ్లకూడదు. ఉడికించిన రొయ్య, కూరగాయల రోల్స్ వారికి సరిపోతాయి. చేప తిననివారికి కీరా దోసకాయ రోల్, అవకాడో రోల్, తీపి టోఫు సంచిలో అన్నం నింపే ఇనారి ఉన్నాయి. ఇవన్నీ మెనూలో చౌకైన వరసలోనే ఉంటాయి. అయితే ఇనారిని ఉడికించే నీటిలో, సోయా ముద్దతో చేసే మీసో సూప్‌లో తరచూ ఎండు చేపతో తీసిన దాషి రసం కలుస్తుంది కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి.

అన్నీ కుదిరిన చోట రద్దీ లేని రోజున కౌంటర్ ముందు కూర్చుని, మీ దగ్గర ఉన్న మొత్తం ఎంతో మొహమాటం లేకుండా చెప్పి, ఈ రోజు ఏ చేప బాగుందని అడగండి. ఆ కాలంలో ఎక్కువగా దొరికే చేప రుచిలో ముందుంటుంది, ధరలోనూ తగ్గుతుంది. ఆ రోజు అది ఏదో చేప కోసే షెఫ్‌కు తెలుసు.